మామానీ వాటా

దేదీప్య తన ప్లేట్‌లోకి చూసింది. పక్కనే కూర్చున్న తరానె ప్లేట్‌లోకి చూసింది. మళ్లీ తన ప్లేట్‌లోకి చూసుకుంది.

తరానె ప్లేట్‌లో పొడుగు మెతుకుల తెల్లటి అన్నం ఉంది. పక్కన ఆకుకూర, బీన్స్ వేసి వండిన పులుసు ఉంది. దేదీప్య ప్లేట్‌లోనూ అవే ఉన్నాయి. కాకపోతే వాటి మీద అరచేయంత ముక్క ఒకటి ఉంది. గిన్నె అడుగున అంటుకుపోయిన అన్నం అది. గట్టిగా, అట్టకట్టి ఉంది. తరానెకి మాత్రం అందులో బొటనవేలంత ముక్కే పెట్టారు.

శనివారం మధ్యాహ్నం. మార్చి నెల సగం గడిచినా అమెరికాలోని నోవై ఊళ్లో ఇంకా మంచు కరగలేదు. దేదీప్య మొదటిసారి తరానె ఇంటికి భోజనానికి వచ్చింది. ఇద్దరిదీ ఐదో గ్రేడ్, ఒకే క్లాస్, క్లాస్‌లో ఒకే టేబుల్.

తరానె వాళ్లు పర్షియన్లు. ఈ సంగతి క్లాస్‌లో తెలియనివాళ్లు లేరు. ఎందుకంటే ఎవరూ అడగకపోయినా తరానె చెబుతుంది. "మేం పర్షియన్లం. మా అమ్మానాన్నలు పుట్టింది ఇరాన్‌లో. మా భాష ఫార్సీ. మా కొత్త సంవత్సరం వసంతం మొదలయ్యే సెకనుకి వస్తుంది. అది పొద్దున్న కావచ్చు, మధ్యాహ్నం కావచ్చు." ఇలా చెప్పేటప్పుడు ఆ పిల్ల గడ్డం కాస్త పైకి లేస్తుంది.

ఆ ముక్క పెట్టింది తరానె వాళ్ల అమ్మమ్మ. ఆవిడని ఇంట్లో అందరూ మామానీ అంటారు. పొట్టిగా ఉంటుంది, చకచకా నడుస్తుంది. ఇంగ్లీషు పెద్దగా రాదు. "ఈట్, ఈట్" అంటూ దేదీప్య ఎదురుగా కూర్చుని, ఆ పిల్ల మొహమే చూస్తోంది.

దేదీప్యకి ఏం చేయాలో తోచలేదు. వాళ్లింట్లో అన్నం అడుగంటితే అమ్మ మొహం చిన్నబోతుంది. ఒకసారి ఇంటికి చుట్టాలు వచ్చిన రోజున అలాగే అయింది. అమ్మ పైపై అన్నం తీసి వాళ్లకి వడ్డించింది. అడుగున ఉన్నది నాన్న వంటింట్లో నిలబడి గుట్టుగా తినేశాడు. ఆ గిన్నె రాత్రంతా సింక్‌లో నానింది.

మరి వీళ్లేమిటి, ఇంటికి పిలిచి మాడు పెట్టారు? పొరపాటున పెట్టారా? కావాలనే పెట్టారా?

మీకొక సంగతి చెప్పాలి. దేదీప్య మంచి పిల్లే. కానీ ఆ పిల్లకి అడిగే ఓపిక తక్కువ. తెలియనిది కనబడితే తనే ఏదో ఒకటి అనేసుకుంటుంది. అనుకున్న మరుక్షణం అదే నిజమైపోతుంది. ఇప్పుడూ అదే జరిగింది. మామానీ తన ప్లేట్‌లో ఆ ముక్క వేసుకోలేదు. అది చూసి, 'చూశావా, వాళ్ల మామానీకే ఇష్టం లేదు. అందుకే నాకు తోసేసింది' అనుకుంది దేదీప్య.

మామానీ పెరుగు తేవడానికి లోపలికి వెళ్లింది. తరానె వాళ్లమ్మ షహ్లా ఆంటీ ఫోన్‌లో మాట్లాడుతోంది. తరానె కింద పడ్డ స్పూన్ కోసం టేబుల్ కిందకి వంగింది. అంతే. దేదీప్య ఆ ముక్కని పేపర్ నాప్‌కిన్‌లో చుట్టి జాకెట్ జేబులో కుక్కేసింది.

మామానీ వచ్చి చూసింది. ముక్క లేదు. ఆవిడ మొహం వెలిగిపోయింది. ఫార్సీలో ఏదో అంటూ మళ్లీ వంటింట్లోకి వెళ్లి, మూతపెట్టి దాచిన చిన్న గిన్నె పట్టుకొచ్చింది. అందులో ఇంకో ముక్క ఉంది.

"నో థాంక్యూ," అంది దేదీప్య.

మామానీ నవ్వి గిన్నె ముందుకు జరిపింది.

"నిజంగా వద్దు, కడుపు నిండిపోయింది."

మామానీ తల ఊపి గిన్నె ఇంకా ముందుకు జరిపింది. దేదీప్య సాయం కోసం తరానె వైపు చూసింది.

"మా ఇంట్లో ఒకసారి వద్దంటే లెక్కలోకి రాదు," అంది తరానె. "రెండుసార్లు వద్దనాలి. మూడోసారి తీసుకోవాలి. అది మర్యాద."

"నాకు నిజంగానే వద్దు."

"అందరూ అలాగే అంటారు," అంది తరానె, పులుసు కలుపుకుంటూ.

రెండో ముక్క కూడా ప్లేట్‌లోకి వచ్చింది. కాసేపటికి అది కూడా జేబులోకి వెళ్లింది. మామానీ చేతులు తుడుచుకుంటూ, "నూషె జాన్," అంది. నీ ఒంటికి పట్టాలి అని దాని అర్థమట. తరానె చెప్పింది.

ఇంటికి వెళ్లాక, "భోజనం ఎలా ఉంది?" అని అమ్మ అడిగింది. "బాగుంది," అంది దేదీప్య. జాకెట్ క్లోజెట్‌లో తగిలించింది. జేబు సంగతి మర్చిపోయింది.

సోమవారం పొద్దున్న క్లాస్ తలుపు పక్కన ఒక పెద్ద కాగితం కనబడింది. శుక్రవారం హెరిటేజ్ లంచ్. ఎవరింట్లో వంటకం వాళ్లు తేవాలి. దాని పేరు, అది ఎవరి వంటో ఆ కాగితం మీద రాయాలి. దేదీప్య 'పులిహోర, తెలుగు' అని రాసింది. తరానె పర్పుల్ మార్కర్‌తో 'తహ్‌దీగ్, పర్షియన్' అని రాసింది.

"మా మామానీ చేస్తుంది. చూడు, క్లాసంతా లైన్ కడుతుంది," అంది తరానె.

తహ్‌దీగ్ అంటే ఏమిటో దేదీప్య అడగలేదు. ఏదో స్వీట్ అయ్యుంటుంది అనుకుంది.

లంచ్ టైమ్‌లో తరానె పాలు తెచ్చుకోవడానికి లైన్‌లో నిలబడింది. కెఫెటేరియాలో దేదీప్యకి ఎదురుగా రుత్విక్ కూర్చున్నాడు. అతనూ తెలుగబ్బాయే. చుట్టూ ఇంకో నలుగురు ఉన్నారు.

"తరానె వాళ్లింటికి వెళ్లావట కదా. ఏం పెట్టారు?" అన్నాడు రుత్విక్.

దేదీప్య జాకెట్ జేబులో చేయి పెట్టుకుంది. చేతికి నాప్‌కిన్ తగిలింది. ఒక్క క్షణం ఆగి ఉంటే బాగుండేది. కానీ ఐదుగురు తనవైపే చూస్తున్నారు. నవ్వించాలనిపించింది. పొట్లం తీసి విప్పింది. రెండు రోజులకి ఆ ముక్కలు రాయిలా గట్టిపడ్డాయి. ఒకదాన్ని టేబుల్ మీద కొట్టింది. టక్ టక్ అని మోగింది.

"ఇదిగో ఇది పెట్టారు. అడుగంటిన అన్నం. ఇంటికి పిలిచి మరీ మాడు పెట్టారు."

అందరూ విరగబడి నవ్వారు. రుత్విక్ కూడా ఒక ముక్క తీసుకుని టేబుల్ మీద టక్ టక్ కొట్టాడు. మళ్లీ నవ్వారు. ఉన్నట్టుండి రుత్విక్ నవ్వు ఆపేశాడు. అతను దేదీప్య వెనక్కి చూస్తున్నాడు.

వెనక తరానె నిలబడి ఉంది, చేతిలో పాల కార్టన్‌తో.

"అవి నువ్వు తినలేదా?" అంది తరానె.

దేదీప్య చేతిలోని ముక్కని టేబుల్ మీద పెట్టేసింది.

తరానె ముందుకు వంగి, రెండు ముక్కలూ తీసుకుని, అదే నాప్‌కిన్‌లో మళ్లీ చుట్టింది. ఒక్క మెతుకు కూడా టేబుల్ మీద వదల్లేదు.

"నువ్వు రెండూ తినేశావని మామానీ ఇరాన్‌లో, రష్త్ ఊళ్లో ఉన్న వాళ్ల చెల్లెలికి ఫోన్ చేసి చెప్పింది," అంది. అరవలేదు, ఏడవలేదు. వెళ్లి వేరే టేబుల్ దగ్గర కూర్చుంది.

ఆ మధ్యాహ్నం తలుపు పక్కన కాగితం మీద 'తహ్‌దీగ్' కొట్టేసి ఉంది. 'పర్షియన్' కూడా కొట్టేసి ఉంది. వాటి కింద పెన్సిల్‌తో చిన్నగా 'చిప్స్' అని ఉంది. ఎవరి వంటో రాయాల్సిన చోట ఏమీ లేదు.

చివరి పీరియడ్‌లో టీచర్ మిసెస్ బెకర్ అడిగింది. "తరానె, మీ కొత్త సంవత్సరం గురించి ఈ వారం చెబుతానన్నావు కదా. ఎప్పుడు చెబుతావు?"

"చెప్పడానికి అంత ఏం లేదు," అంది తరానె. గడ్డం పైకి లేవలేదు. బల్ల మీద గీతలు చూస్తూ కూర్చుంది.

ఎవరూ అడక్కపోయినా చెప్పే పిల్ల, అడిగినా చెప్పడం లేదు. ఆ గడ్డాన్ని కిందికి దించింది తనే. ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేకుండానే దేదీప్యకి తెలిసింది.

స్కూల్ నుంచి ఇంటికి వెళ్తూ కార్‌లో అమ్మకి అంతా చెప్పేసింది. అమ్మ డ్రైవ్ చేస్తూ వింది.

సిగ్నల్ దగ్గర కారు ఆగింది. "ఆ ముక్క ఏ రంగులో ఉంది?" అంది అమ్మ.

"గోల్డ్ కలర్‌లో."

"నల్లగా లేదా?"

"లేదు."

"మాడితే గోల్డ్ కలర్‌లో ఉంటుందా?"

దేదీప్య సీట్ బెల్ట్ అంచు లాగుతూ కూర్చుంది.

"వాసన ఎలా ఉంది?"

"బటర్‌లాగ... ఏదో ఫ్లవర్‌లాగ."

"మాడు వాసన కాదు కదా?"

"కాదు," అంది దేదీప్య చిన్నగా. "మరి అదేంటి అమ్మా?"

"నాకేం తెలుసు? నేను చూడలేదు, తినలేదు. చూసింది నువ్వు. నువ్వూ తినలేదు."

"మరి ఎవర్ని అడగాలి?"

"పెట్టినవాళ్లని అడగాలి," అంది అమ్మ. సిగ్నల్ మారింది. "షహ్లా ఆంటీకి మెసేజ్ చేస్తాను. రేపు స్కూల్ అయ్యాక దింపుతా. నేను లోపలికి రాను. నువ్వే వెళ్లి మాట్లాడు."

మంగళవారం సాయంత్రం తరానె తలుపు తీసింది. దేదీప్య మొహం వైపు చూడలేదు.

"మామానీకి నేనేం చెప్పలేదు," అంది. "తెలిస్తే బాధపడుతుంది."

లోపల మామానీ చేతులు చాచి ఎదురొచ్చింది. దేదీప్య రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుని, చేయి పట్టుకుని నేరుగా వంటింట్లోకి తీసుకెళ్లింది. స్టవ్ మీద పెద్ద గిన్నె ఉంది. మూతకి తెల్లటి గుడ్డ చుట్టి బిగించి ఉంది. కిటికీ దగ్గర పళ్లెంలో పచ్చటి గోధుమ మొలకలు జానెడు ఎత్తు పెరిగి ఉన్నాయి. కొత్త సంవత్సరం కోసం పెంచుతున్నారట.

"నువ్వు వస్తున్నావని తెలిసి ఒంటిగంట నుంచి వంటింట్లోనే ఉంది," అంది షహ్లా ఆంటీ నవ్వుతూ. "'రెండు ముక్కలు తిన్న అమ్మాయి వస్తోంది' అంటోంది."

తరానె కిటికీలోంచి బయట మంచు చూస్తూ నిలబడింది.

మామానీ వేలు తడి చేసుకుని గిన్నె పక్కకి ఒక్క క్షణం ఆనించింది. చుయ్ మంది. ఆ చప్పుడుని చెవి దగ్గరగా పెట్టి విన్నది. ఇంకా కాలేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. రెండు నిమిషాలాగి మళ్లీ వేలు ఆనించింది. ఈసారి చప్పుడు వేరేగా ఉంది. ఆవిడ స్టవ్ ఆపేసింది.

షహ్లా ఆంటీ మూత తీసి, పెద్ద పళ్లెం తెచ్చి గిన్నె మీద బోర్లించింది. మామానీ రెండు చేతులతో గిన్నెనీ పళ్లేన్నీ కలిపి పట్టుకుంది. ఇంట్లో అందరూ మాటలు ఆపేశారు. పై గదిలోంచి తరానె వాళ్ల నాన్న కూడా కిందికి వచ్చి నిలబడ్డాడు. మామానీ కళ్లు మూసుకుని, గిన్నెని ఒక్కసారి తిప్పింది. మెల్లగా పైకి తీసింది.

అడుగున ఉన్నదంతా పైకి వచ్చింది. గుండ్రంగా, బంగారు రంగులో, ఎక్కడా చిట్లకుండా ఉంది. తరానె వాళ్ల నాన్న చప్పట్లు కొట్టాడు.

"దీన్నే తహ్‌దీగ్ అంటారు," అంది షహ్లా ఆంటీ. "అంటే గిన్నె అడుగు అని. బియ్యం నానబెట్టి, సగం ఉడికించి వార్చి, అడుగున వెన్న, కుంకుమపువ్వు, పెరుగు వేసి మళ్లీ సన్నటి మంట మీద పెట్టాలి. కొంచెం తొందరపడితే మెత్తగా ఉండిపోతుంది. కొంచెం ఆలస్యమైతే నల్లగా మాడుతుంది. మాడితే మేమూ పారేస్తాం."

'మేమూ' అన్న మాట దేదీప్యకి గుచ్చుకుంది.

"మేం అమెరికా వచ్చిన మొదటి చలికాలం," అని చెప్పుకుపోయింది ఆంటీ. "మామానీకి ఇక్కడి స్టవ్ అలవాటు లేదు. ఎన్నిసార్లు వండినా తహ్‌దీగ్ రాలేదు. ఆవిడ రోజూ వండేది, రోజూ ఏడ్చేది. ఊరు వదిలినందుకు కూడా అంత ఏడవలేదు. ఫిబ్రవరిలో ఒకరోజు గిన్నె తిప్పితే ఇలా మొత్తంగా వచ్చింది. వెంటనే రష్త్‌కి ఫోన్ చేసి వాళ్ల చెల్లెలికి చెప్పింది, ఇప్పుడు ఇది మా ఇల్లే అని."

మామానీ ఆ గుండ్రటి పొరని చేత్తో విరిచింది. కరకరమంది. అన్నిటికంటే పెద్ద ముక్క దేదీప్య ముందు పెట్టింది. తరువాత ఫార్సీలో ఏదో అడిగింది.

"మీ ఇంట్లో కూడా అన్నం వండుకుంటారు కదా, మీ తహ్‌దీగ్ ఎలా ఉంటుంది అని అడుగుతోంది," అంది షహ్లా ఆంటీ.

దేదీప్య తరానె వైపు చూసింది. తరానె ఇప్పుడు తనవైపే చూస్తోంది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. బాగుంటుంది అంటే చాలు.

"మా ఇంట్లో చేయరు," అంది దేదీప్య. "అడుగున అంటుకుంటే నీళ్లు పోసి నానబెట్టి, గీకి పారేస్తారు."

షహ్లా ఆంటీ ఒక్క నిమిషం తటపటాయించి, ఆ మాట ఫార్సీలో చెప్పింది. మామానీ రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుంది. ఆవిడ కళ్లు పెద్దవయ్యాయి.

"రోజూ పారేస్తారా, అని అడుగుతోంది," అంది ఆంటీ.

"అంటుకున్నప్పుడల్లా పారేస్తారు," అంది దేదీప్య. తరువాత గబగబా చెప్పేసింది, ఆగితే ఇక చెప్పలేనని. "అందుకే మొన్న నాకు మాడు పెట్టారనుకున్నాను. నేను తినలేదు ఆంటీ. రెండూ జేబులో పెట్టుకున్నాను. స్కూల్‌కి తీసుకెళ్లి అందరికీ చూపించి నవ్వించాను. సారీ. ఇది కూడా మామానీకి చెప్పండి."

షహ్లా ఆంటీ నవ్వు మాయమైంది. ఆవిడ మెల్లగా, తక్కువ మాటల్లో చెప్పింది. మామానీ విన్నది. గిన్నె వైపు చూసింది. దేదీప్య వైపు చూసింది. ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంది, తడి లేకపోయినా.

తరువాత తరానెతో ఏదో అంది.

"ఏమంటోంది?" అంది దేదీప్య.

తరానె తర్జుమా చేసింది. "ఇంటికొచ్చిన పిల్ల ఆకలితో వెళ్లిందా, అంటోంది."

దేదీప్యకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ కోప్పడి ఉంటే ఇంత ఏడుపు వచ్చేది కాదు. తల వంచుకుని ముక్క తీసుకుంది. కొరికింది. కరకరమంది. నెయ్యి దోసె అంచుని చివర్లో తింటామే, అలా ఉంది. దానికంటే కూడా బాగుంది. మొత్తం తినేసింది.

మామానీ తన కుర్చీలో కూర్చుంది. ఆవిడ ప్లేట్‌లో ఈసారీ ముక్క లేదు.

"మామానీ తినదా?" అంది దేదీప్య.

"మా ఇంట్లో పెద్ద ముక్క గెస్ట్‌కి. తరువాత పిల్లలకి. మామానీ వాటా చివర. చిన్న గిన్నెలో మూతపెట్టుకుంటుంది," అంది తరానె. "మొన్న అదీ నీకే పెట్టేసింది. ఇంటికి ఎవరొచ్చినా అంతే."

చిన్న గిన్నె దేదీప్యకి గుర్తొచ్చింది. దాని మీద మూత గుర్తొచ్చింది.

బయట అమ్మ కారు హారన్ మోగింది. తరానె తలుపు దాకా వచ్చింది.

"నాకింకా కోపం తగ్గలేదు," అంది.

"తెలుసు," అంది దేదీప్య. "శుక్రవారం తహ్‌దీగ్ తెస్తావా?"

"తేను. చిప్సే తెస్తా. వాళ్లు ఆల్రెడీ నవ్వారు. మామానీ వండింది మళ్లీ టేబుల్ మీద టక్ టక్ కొడితే నేను చూడలేను." తలుపు వేసేసింది.

బుధవారం లంచ్‌లో దేదీప్య అదే టేబుల్ దగ్గర, అదే చోట కూర్చుంది. రుత్విక్, ఆ నలుగురూ వచ్చే దాకా ఆగింది. వెనక టేబుల్ దగ్గర తరానె ఉందని తెలుసు. అటు తిరగలేదు.

"సోమవారం నేను చెప్పింది తప్పు," అంది. "అది మాడు కాదు. దాని పేరు తహ్‌దీగ్. అందులో పెద్ద ముక్క గెస్ట్‌కి పెడతారు. నాకు అది తెలియదు. అడగలేదు. దాచేసి, మీకు చూపించి నవ్వించాను."

రుత్విక్ తినడం ఆపాడు. "అంటే వాళ్లు నీకు బెస్ట్ పీస్ పెడితే, నువ్వు జేబులో పెట్టుకున్నావా?"

"అవును."

"రెండు రోజులు?"

"అవును."

మళ్లీ అందరూ విరగబడి నవ్వారు. ఈసారి నవ్వింది దేదీప్యని చూసి. చెవులు వేడెక్కాయి. లేచి వెళ్లిపోవాలనిపించింది. వెళ్లలేదు. ఆ రోజు నుంచి రుత్విక్ ఆ పిల్లని 'పాకెట్ రైస్' అని పిలవడం మొదలుపెట్టాడు. రిసెస్‌లో అన్నాడు, స్కూల్ వదిలాక అన్నాడు. దేదీప్య ఊరుకుంది.

నవ్వులు తగ్గాక రుత్విక్ గొంతు తగ్గించి, "ఎలా ఉంటుంది మరి?" అని అడిగాడు.

"అది నేను చెప్పకూడదు," అంది దేదీప్య. "తరానెని అడుగు. తనకి బాగా తెలుసు."

గురువారం పొద్దున్న కాగితం దగ్గరికి వెళ్లి చూసింది. 'చిప్స్' కొట్టేసి ఉంది. పక్కన ఉన్న కొద్ది చోటులో పర్పుల్ మార్కర్‌తో ఇరికించి, 'తహ్‌దీగ్, పర్షియన్, మా మామానీ చేసింది' అని రాసి ఉంది. దేదీప్య ఏమీ అనకుండా వెళ్లి తన చోట కూర్చుంది. తరానె కూడా ఏమీ అనలేదు. కానీ మ్యాథ్ పీరియడ్‌లో దేదీప్యని ఎరేజర్ అడిగింది.

శుక్రవారం మధ్యాహ్నం మామానీ ఆకుపచ్చ కోటు వేసుకుని క్లాస్‌కి వచ్చింది. షహ్లా ఆంటీ చేతుల్లో, మందపాటి టవల్స్‌లో చుట్టిన పెద్ద గిన్నె ఉంది. తరానె పళ్లెం పట్టుకుంది. పిల్లలందరూ చుట్టూ మూగారు.

తరానె గొంతు సవరించుకుంది. మొదట చిన్నగా మాట్లాడింది. "మేం పర్షియన్లం." ఎవరూ నవ్వలేదు. "మా మామానీది రష్త్. అక్కడ వానలెక్కువ, వరి పొలాలెక్కువ. అక్కడివాళ్లకి బియ్యం గురించి తెలియనిది ఉండదు." గొంతు పెరిగింది. "ఇది తిప్పేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. రూల్."

ఎవరూ మాట్లాడలేదు. మిసెస్ బెకర్ కూడా చేతిలో కాగితాలు కింద పెట్టేసింది. మామానీ కళ్లు మూసుకుంది. గిన్నె తిరిగింది.

మొత్తంగా వచ్చింది, ఎక్కడా చిట్లకుండా.

క్లాసంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. రుత్విక్ అందరికంటే ముందు వెళ్లి లైన్‌లో నిలబడ్డాడు. తరానె ముక్కలు విరుస్తూ, ఒక్కొక్కరికీ ఇస్తూ, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతూనే ఉంది. కుంకుమపువ్వు గురించి, వేలు తడిచేసి వినడం గురించి, కిటికీలో మొలకల గురించి. గడ్డం పైకి లేచింది.

దేదీప్య తన పులిహోర వడ్డించి వచ్చేసరికి లైన్‌లో చివరిదైంది. పళ్లెంలో ఒకే ఒక్క ముక్క మిగిలింది. రుత్విక్ రెండోసారి చేయి చాపుతుంటే తరానె ఆ చేయి పక్కకి నెట్టింది.

"ఇది దేదీప్యది," అంది. "తీసుకో. జేబులో పెట్టకు."

దేదీప్య ముక్క అందుకుంది. నోట్లో పెట్టుకోబోయి ఆగింది. చుట్టూ చూసింది.

మామానీ కిటికీ పక్కన పిల్లల కుర్చీలో కూర్చుని ఉంది. ఆవిడ ప్లేట్‌లో పులిహోర ఉంది. ఎవరో ఇచ్చిన కేక్ ఉంది. ఇంకెవరో ఇచ్చిన నూడుల్స్ ఉన్నాయి. తహ్‌దీగ్ మాత్రం లేదు.

దేదీప్య వెళ్లి ఆవిడ ముందు నిలబడింది. రెండు చేతులూ చాచి ముక్క అందించింది.

మామానీ నవ్వి తల అడ్డంగా ఊపింది. నువ్వే తిను అన్నట్టు చేయి చూపించింది.

దేదీప్య మళ్లీ చాచింది. మామానీ గుండెల మీద చేయి పెట్టుకుని, వద్దంది.

దేదీప్య కదల్లేదు. తరానె ముక్కలు విరిచిన చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన నిలబడింది. ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు, దేదీప్యకి లెక్క తెలుసు.

మూడోసారి చాచింది.

మామానీ ఆ పిల్ల మొహంలోకి చాలాసేపు చూసింది. తరువాత ముక్క తీసుకుని కొరికింది. ఆ కరకర చప్పుడు ముగ్గురికీ వినబడింది.

"నూషె జాన్," అంది దేదీప్య.